పెన్సిలుతో తెరిచిన కళ్ళు

పోయిన వారం మనం క్రిస్టినాను పటమటలో జానకిరామయ్య గారింటి రెండో అంతస్తు మెట్ల మీద, తడి గొడుగు చేతిలో పట్టుకుని ఆయాసం తీర్చుకుంటుండగా వదిలేసి వచ్చాం. వారమంతా ఆమె అక్కడే నిలబడి ఉందని కాదు. అయినా ఆమె సంగతి తెలిసినవాళ్ళకు ఆ మాట మరీ అబద్ధంగానూ అనిపించదు. సెప్టెంబరు నుంచి ఆమె మనసు ఏదో ఒక మెట్టు మీద అలా ఆగిపోయే ఉంది.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో ఆమె ఇంట్లోకి వచ్చి ఐదు రోజులు తిష్ఠ వేసింది. ఫ్రిజ్జు పోయింది, బీరువాలో బట్టలు పోయాయి. వాటికి ఆమె ఏడవలేదు. నలభై ఏడేళ్ళుగా ఏ ఇంటికి మారితే ఆ ఇంటి గోడ మీద, ఏసుప్రభువు పటం పక్కన ఉంటూ వచ్చిన అమ్మ ఫోటో పోయింది. నీళ్ళు తీశాక చూస్తే ఫ్రేము ఉంది, అద్దం ఉంది, లోపల కాగితం కూడా ఉంది. ముఖం మాత్రం లేదు. కాగితం మీది పొర అంతా కాచిన పాల మీద మీగడలా జారిపోయి, ఫ్రేము అడుగున ముడతలు పడి కూర్చుంది.

ఆ పొర పేరు జిలెటిన్ అని ఫ్రేములు కట్టే ఆయన చెప్పాడు. ఆ మాట క్రిస్టినాకు కొత్త కాదు. ఆమె ఆస్పత్రి మందుల షాపులో ఫార్మసిస్టు. రోజుకు ఎన్ని వందల జిలెటిన్ గొట్టం మాత్రలు ఆమె చేతుల మీదుగా రోగుల పొట్టల్లోకి పోతాయో ఆమెకే తెలియదు. పేపర్లో ఆ మాట కనబడితే ఎక్కడో క్వారీ దగ్గర పోలీసులు పేలుడు కడ్డీలు పట్టుకున్నారని అర్థం. పుట్టినరోజు పార్టీల్లో పిల్లల ప్లేట్లలో ఎర్రగా వణుకుతూ ఉండే జెల్లీ కూడా అదే. మింగేది, పేలేది, వణికేది అన్నీ ఆమెకు తెలుసు. అమ్మ ముఖం ఇన్నాళ్ళూ అందులోనే ఉందన్న సంగతి మాత్రం అది జారిపోయాకే తెలిసింది.

అమ్మ శౌరమ్మ డెబ్బై ఏడు నవంబరు ఉప్పెనలో పోయింది. దివిసీమలో పుట్టింటికి వెళ్తూ, పాలు మాన్పించినట్టూ ఉంటుందని పదమూడు నెలల పిల్లను గన్నవరంలో ఆడబిడ్డ తెరేసమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. అందుకే పిల్ల బతికింది. పెళ్ళి ఫోటో కూడా ఆ ఇంటితోనే కొట్టుకుపోయింది. మిగిలింది గోడ మీది ఆ ఒక్క ఫోటో. ఫోనులో ఒక కాపీ అయినా తీసుకోలేదా అని అడగనివాళ్ళు లేరు. క్రిస్మస్ ఫోటోల్లో రెండు మూడింట వెనక గోడ మీద అది కనిపిస్తుంది. ముఖం ఉండాల్సిన చోట ఫ్లాష్ వెలుగు అద్దం మీద పడి తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

చల్లపల్లిలో ఆ ఫోటో తీసిన నతానియేలు గారు పోయారు, స్టూడియో మూతపడింది. కానీ అక్కడ నెగటివ్‌ల మీద ముఖాలు పెన్సిలుతో దిద్దే రీటచింగ్ పని చేసిన జానకిరామయ్య గారు పాత నెగటివ్‌ల పెట్టె తనతో తెచ్చుకున్నారని వెతగ్గా వెతగ్గా తెలిసింది. నెగటివ్ ఉందన్నారాయన. ఉందంటూనే వచ్చే వారం రమ్మని మూడుసార్లు వెనక్కి పంపారు. ఇది నాలుగోసారి. నవంబరు రెండున సమాధుల పండుగ ఇంక పది రోజుల్లో ఉంది. ఏటా ఆ రోజున క్రిస్టినా ఫ్రేము తీసుకువెళ్ళి చల్లపల్లిలో అమ్మ సమాధి మీద సిలువకు ఆనించి, కొవ్వొత్తులు వెలిగించి, ఆ సంవత్సరం సంగతులన్నీ మెల్లగా చెప్పుకుని వస్తుంది.

తలుపు తీసింది మనవరాలు శాంభవి. డిగ్రీ చదువుతున్న పిల్ల. లోపల కిటికీ పక్కన పడక్కుర్చీలో జానకిరామయ్య గారు మందు వేసుకునే పనిలో ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పొడుగాటి వేళ్ళు. ఎరుపూ పసుపూ కాప్సూల్ ఒకటి తీసి, రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పి విడదీసి, లోపలి పొడిని చెంచాలో తేనె మీద దులిపారు. ఖాళీ డొల్లలు రెండూ సాసరులో పెట్టారు.

ఫార్మసిస్టు కళ్ళ ముందు అలాంటి పని జరిగితే ఊరుకోవడం కష్టం. "బాబాయి గారూ, అది డొల్లతో పాటే మింగాలండి. పొడి గొంతులో మండుతుంది," అంది క్రిస్టినా.

"మండితే మండనీ అమ్మా. ఆ డొల్ల ఎముకల జిగురు. మా ఇంట్లో అది నోట పెట్టం."

శాంభవి కిసుక్కున నవ్వింది. "నలభై ఏళ్ళు దాన్ని పెదవి మీద పెట్టుకున్న మనిషి చెబుతున్నాడు, వినండి ఆంటీ."

"అది వృత్తి, ఇది మందు. రెంటికీ ముడి పెట్టకు," అన్నారు ఆయన. చెంచా నోట్లో పెట్టుకుని, మంట తెలియకుండా మంచినీళ్ళు తాగి, అప్పుడు క్రిస్టినా వైపు తిరిగారు. "చీకటి గదిలో ఫోటో ప్లేటుకి మందు పూసిన వైపు ఏదో ఎలా తెలుస్తుందమ్మా? లైటు వేయకూడదు. మూల ఒకటి పెదవికి ఆనించాలి. జిలెటిన్ వైపు అయితే పెదవిని పట్టుకుంటుంది. నతానియేలు గారు నేర్పారు. అది దేంతో చేస్తారో నాకు ఇరవై ఏళ్ళ దాకా తెలియదు. ఫిల్ము కంపెనీ నుంచి ఒకాయన వచ్చి మాటల్లో చెప్పాడు. పశువుల ఎముకలూ తోళ్ళూ ఉడికించి తీస్తారట. ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. నన్ను పెరట్లో నిలబెట్టి బిందెడు నీళ్ళతో పుక్కిలింపించింది మహాతల్లి. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ పెదవికి ఆనించాను. ఏం చేస్తాను, చీకట్లో వేరే దారి లేదు."

క్రిస్టినా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు ఆమెకే అనిపించింది.

వాన తగ్గలేదు. బందరు రోడ్డు మీద ఆటోల చప్పుడు కూడా ఆ వానలో నానిపోయి మెత్తగా వినిపిస్తోంది. కిటికీకి పాలరంగు అద్దాలు. గదిలోకి వచ్చిన వెలుతురు ఎక్కడిదో, ఏ వేళదో తెలియకుండా ఉంది. రాత్రుళ్ళు ఆమెకు వచ్చే కలలోనూ ఇదే వెలుతురు. ఆ కలలో అమ్మ ముఖం లోతు తెలియని నీళ్ళ మీద, పడుకున్నట్టుగా, కళ్ళు తెరుచుకుని తేలుతూ ఉంటుంది. చెయ్యి చాస్తే నీళ్ళు కదిలి ముఖం కాస్త పక్కకు జరుగుతుంది. అంతే. అంతకుమించి ఆ కలలో ఏమీ జరగదు. అయినా లేవాలనిపించదు.

జానకిరామయ్య గారు లేచి రీటచింగ్ బల్ల ముందు కూర్చున్నారు. ఏటవాలుగా నిలబెట్టిన చట్రంలో గరుకు అద్దం, కింద కిటికీ వెలుతురును పైకి తిప్పే మామూలు అద్దం. బటర్ పేపరులో చుట్టిన నెగటివ్‌ను అంచులు పట్టుకుని తీసి, ఆ అద్దం మీద పెట్టారు.

తెల్లటి జుట్టు, నల్లటి ముఖం. నెగటివ్‌లో మనుషులు అలాగే ఉంటారు. అయినా క్రిస్టినా ఆ ముఖాన్ని ఒక్క క్షణంలో పోల్చుకుంది. వెడల్పు నుదురు, నిండు చెంపలు, కాస్త ముందుకు వచ్చిన గడ్డం. మూలన సూదితో గీరిన అంకె ఉంది, ముప్ఫై ఒకటి. కళ్ళ చోట మాత్రం బూజు. తెల్లటి పోగులు రెండు కళ్ళనూ కప్పేసి, ముక్కు పైదాకా అల్లుకుని ఉన్నాయి.

"పెన్సిలు పట్టడానికని కళ్ళ మీద వార్నిష్ పూశాను అప్పట్లో. బూజు కూడా అక్కడే మరిగింది," అన్నారాయన.

"కడగొచ్చా అండీ?"

"నీళ్ళు తగలకూడదు. బూజు పట్టిన జిలెటిన్ నీళ్ళల్లో ఇట్టే కరిగిపోతుంది. నీ ఇంట్లో చూశావుగా. స్పిరిట్‌తో తుడవాలి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "తుడవకుండా ఇలాగే ప్రింటు వేయిస్తే ఏమంటావు?"

"కళ్ళు కనబడటం లేదు కదండీ. కళ్ళు లేకపోతే అది మా అమ్మ ఎలా అవుతుంది?"

"తుడిస్తే నువ్వెరిగిన ముఖం ఉండదమ్మా," అన్నారాయన.

"ఎంత మిగిలితే అంతే చాలండి. పండుగకి ఖాళీ ఫ్రేము పట్టుకుని అమ్మ దగ్గరికి ఎలా వెళ్ళను?"

"నీ ఇష్టపూర్వకంగానే తుడవమంటున్నావా?"

పెళ్ళిలో ఫాదర్ గారు అడిగినట్టు అడిగారేమిటి ఈయన అనుకుంది. "ఇష్టపూర్వకంగానే," అంది.

శాంభవి ముందుజాగ్రత్తగా ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచింది. అందులోనూ కళ్ళ మీద బూజే పడింది. ఆయన సన్నటి పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచారు. ముసలి చెయ్యి అంతవరకూ వణుకుతూనే ఉంది గాని, అద్దం మీదికి వచ్చేసరికి దానికి పాత పని జ్ఞాపకం వచ్చినట్టు నిలకడ చిక్కింది. నుదుటి మీద మొదలుపెట్టి మెల్లగా గడ్డం దాకా తుడుచుకుంటూ వచ్చారు. బూజు పోగులు దూదికి చుట్టుకుని వస్తున్నాయి. స్పిరిట్ వాసన గదంతా చల్లగా పరుచుకుంది. క్రిస్టినాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. వెలుతురు కింది నుంచి వచ్చి ఆ ముఖాన్ని అద్దంలోంచి పైకి తేలుస్తున్నట్టుంది. ఎనిమిదేళ్ళప్పుడు జ్వరంలో ఇలాగే పడుకుని ఆ ఫోటో వంక చూస్తూ, అమ్మ రెప్ప వేస్తే తగ్గిపోతుందని పందెం కట్టుకుంది. పదో తరగతి మార్కులు మొదట ఆ ముఖానికే చెప్పింది. పెళ్ళి చూపుల నాడు ఆ ముఖం వంక చూసే ఒప్పుకుంది. దూది బూడిద రంగుకి తిరిగింది. ఆయన దాన్ని పక్కన పడేసి ఇంకొకటి చుట్టుకున్నారు. అదీ బూడిద రంగుకి తిరిగింది. మూడోది తెల్లగానే వచ్చింది.

"అయింది," అన్నారాయన.

శాంభవి ఫోను పైకి పట్టుకుని నెగటివ్‌ను ఫోటో తీసి, తెరమీద రంగులు తిరగేసింది. నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. ఆ పిల్ల చూసి ఫోను క్రిస్టినా చేతికిచ్చింది.

అమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

రెప్పల మీద, కనుపాపలు ఉండాల్సిన చోట, రెండు చిన్న నల్లటి గీరిన గుర్తులు మాత్రం మిగిలాయి. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది. నిద్రపోతున్న మనిషి ముఖం కాదది. ఆస్పత్రిలో ఇన్నేళ్ళు పనిచేసిన క్రిస్టినాకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఉప్పెన తర్వాత తీసిందా?" అంది.

"నాలుగో రోజున తీశాం. పూడ్చే ముందు ముఖాలు తీసి ఉంచమన్నారు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపించడానికి. నతానియేలు గారూ నేనూ పడవలో వెళ్ళాం. ఒక్కో ముఖానికి ఒక్కో నంబరు. అదే నంబరు పూడ్చిన చోట కర్ర మీద. ప్రింట్లన్నీ స్టూడియోలో తాడు కట్టి వేలాడదీశాం. జనం వచ్చేవాళ్ళు. కొందరు దొరికితే ఏడ్చేవాళ్ళు, కొందరు దొరకలేదని ఏడ్చేవాళ్ళు. పోయినవాళ్ళ ఫోటోకి కళ్ళు తెరవడం మా పనిలో ఉండేదేనమ్మా. ఇంట్లో వేరే ఫోటో లేనివాళ్ళు అడిగేవాళ్ళు. తెల్లగుడ్డు పెన్సిలుతో పెట్టాలి, నల్లగుడ్డు బ్లేడుతో జిలెటిన్‌ని గీరి తీయాలి. స్పిరిట్ తగిలితే పెన్సిలు పోతుంది, గీరినది పోదు."

క్రిస్టినా తల ఊపింది. దుఃఖం వచ్చింది గాని, ఆమె భయపడ్డంతగా రాలేదు. చనిపోయిన అమ్మకు చనిపోయిన ముఖమే ఉంటుంది. దాన్నయినా దాచుకోవచ్చు. ముఖాన్ని ఇంకా దగ్గరగా చూసుకుందామని తెరమీద రెండు వేళ్ళతో పెద్దది చేసింది. నుదురు, చెంపలు, పెదవులు చూసుకుంటూ కిందికి వచ్చింది. గడ్డం మీద మూడు చుక్కలు ఉన్నాయి.

బూజు మరకలేమో అని నెగటివ్ వైపు చూసింది. అక్కడ ఆ మూడు చుక్కలూ శుభ్రంగా, గుండ్రంగా, అద్దంలా మెరుస్తున్నాయి. పొడిపించుకున్న పచ్చబొట్టు. గోడ మీది ఫోటోలో అది ఎప్పుడూ లేదు.

"ఇదేంటండీ?"

"నన్నడక్కు. మీ మేనత్తగారికి ఫోన్ చెయ్యి."

తెరేసమ్మకు ఎనభై దాటాయి. చెవులు బాగానే పనిచేస్తాయి, మోకాళ్ళే పనిచేయవు. ఫోను మూడు రింగులకే ఎత్తింది. "అత్తా, మా అమ్మకి గడ్డం మీద పచ్చబొట్టు ఉండేదా?" అని అడిగింది క్రిస్టినా.

అవతల టీవీలో ఏదో పాట వస్తోంది. అది ఆగిపోయింది. తెరేసమ్మ టీవీ కట్టేసింది కాబోలు.

"ఆ ఫోటో దిద్దిన ఆయన చెప్పేశాడా?" అంది తెరేసమ్మ.

"ఏం చెప్పాలి అత్తా?"

"మీ నాన్న నా చేత బైబిల్ మీద చెయ్యి పెట్టించాడే. వాడు పోయాక కూడా ఆ మాట తప్పలేకపోయాను. నువ్వు ఆ ఫోటోతో మాట్లాడుకుంటుంటే పక్క గదిలో కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో ఆ దేవుడికి తెలుసు. ఇంటికి రా తల్లీ. ముందు ఇంటికి రా."

క్రిస్టినా ఫోను ఒళ్ళో పెట్టుకుంది. వాన చప్పుడు ఒక్కసారిగా గదిలోకి వచ్చేసినట్టు అనిపించింది.

జానకిరామయ్య గారు ఆమె వంక చూడకుండా, బల్ల మీది వెలుతురు వంకే చూస్తూ చెప్పారు. "మీ నాన్న సంజీవరావు నాలుగు రోజులు వచ్చాడు. తాడు ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరికి. మీ అమ్మ అందులో లేదు. నాలుగో రోజు సాయంత్రం ఈ ముప్ఫై ఒకటో నంబరు దగ్గర ఆగాడు. ఈమే అన్నాడు. ఫాదర్ గారిని తీసుకెళ్ళి, ఆ నంబరు కర్ర ఉన్న చోట ఆమెను తవ్వి తీయించి, చల్లపల్లి చర్చి సమాధుల తోటలో పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తెరవమని నా దగ్గరికి వచ్చాడు. అంతదాకా నాకూ అనుమానం లేదు. అప్పుడు అన్నాడు, మా ఆవిడకి గడ్డం మీద పచ్చబొట్టు లేదండి, అది తీసేయండి అని. నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఈమె మా ఆవిడ కాదని తెలుసండి అన్నాడు మీ నాన్న. పాపకి ఒక ముఖం కావాలండి, నాకు ఒక సమాధి కావాలి, లేకపోతే నేను బతకలేను అన్నాడు. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు అప్పటికి ఆయనకి."

క్రిస్టినా ఏడవలేదు. ఆమెకు నాన్న చేతులు గుర్తొచ్చాయి. ఏటా సమాధుల పండుగ నాడు ఆ ఫ్రేమును సిలువకు ఆనించి, జారకుండా కింద చిన్న రాయి పెట్టే చేతులు. ఆరేళ్ళ క్రితం పోయేదాకా ఒక్క ఏడు కూడా మానలేదు. పరాయి మనిషికి అన్నేళ్ళు అంత శ్రద్ధగా కొవ్వొత్తి వెలిగించిన ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, పట్టుకుని ఓదార్చాలో తెలియలేదు. రెంటికీ ఆయన లేడు.

"అయితే ఆ ఫోటోలో మా అమ్మది ఏదీ లేదా బాబాయి గారూ?"

"ఉండేది," అన్నారు జానకిరామయ్య గారు.

ఆమె తలెత్తింది.

"కళ్ళు ఆమెవే. రెండు రోజులు మీ నాన్న నా పక్కన ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఇంకొంచెం పెద్దవి అనేవాడు. ఎడమ కన్ను నవ్వినప్పుడు కాస్త చిన్నదవుతుంది, అలా కాదు, రెప్ప చివర కొంచెం దించండి అనేవాడు. గీశాను, చెరిపాను, మళ్ళీ గీశాను. రెండో రోజు మధ్యాహ్నం, ఇదిగో ఇప్పుడు చూస్తోంది అన్నాడు. అని అద్దం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. అలాంటి కళ్ళు నేను మళ్ళీ ఎవరికీ పెట్టలేదు."

క్రిస్టినా బల్ల మీద పడి ఉన్న బూడిద రంగు దూది వంక చూసింది. తనకు నాన్న కళ్ళే వచ్చాయని చిన్నప్పటి నుంచి అందరూ అంటారు. అమ్మ కళ్ళు అమ్మతోనే పోయాయి, మళ్ళీ ఆ గోడ మీదికి వచ్చాయి. ఇప్పుడు తన నోటితోనే ఇష్టపూర్వకంగా అని చెప్పి తుడిపించేసుకుంది.

"మళ్ళీ గీయండి," అంది. "మీ చేతులతోనే గీశారు కదా. ఇప్పుడు గీయండి."

"గీసేవాడిని నేనేనమ్మా. చూసినవాడు మీ నాన్న. ఆయన పక్కన లేకుండా నేనేం గీయను?"

"ముందే ఎందుకు చెప్పలేదు మరి?" ఆమె గొంతు పెరిగింది. శాంభవి గోడవైపు జరిగింది. "మూడు వారాలు తిప్పుకున్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే నేను తుడవనిచ్చేదాన్నా? బూజుతోనే ఉంచుకునేదాన్ని. బూజు కింద మా అమ్మ ఉండేదిగా. మీకేం హక్కుందండీ?"

"హక్కు లేదమ్మా. చెబితే నువ్వు తుడవనిచ్చేదానివి కాదు, అందుకే చెప్పలేదు." ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. "ఉప్పెన అయిన రెండేళ్ళకు నాగాయలంక నుంచి ఒక ముసలాయన స్టూడియోకి వచ్చాడు. పక్కన ఏడేళ్ళ పిల్ల. మా అమ్మాయి గడ్డం మీద మూడు చుక్కలుంటాయి బాబూ, తాడు మీద అలాంటి ఫోటో చూశారా అని అడిగాడు. అప్పటికి తాడు తీసేశాం. నెగటివ్ నా వెనక పెట్టెలోనే ఉంది. మీ నాన్నకి మాటిచ్చాను కదా, లేదన్నాను. ఆ పిల్ల నా వంక చూసింది. ఆ చూపు మోసుకుంటూ నలభై ఐదేళ్ళు బతికాను నేను. నువ్వు మొదటిసారి వచ్చి అడిగిన రోజున అనుకున్నాను, ఇక ఆ పిల్లకి కూడా చెప్పకుండా పోకూడదని. మూడు వారాలు శాంభవి చేత వెతికించాను. దొరికింది. ఉన్నది ఒక్క నెగటివ్, అడిగేవాళ్ళు ఇద్దరు కూతుళ్ళు. ముఖం ఆమె తల్లిది, కళ్ళు నీ తల్లివి. రెండూ ఒకచోట ఉంటే ఎవరికీ అమ్మ కాదు. నేను ఒక పక్షం తీసుకున్నాను. తప్పే. నన్ను తిట్టు."

ఆమె ఏదో అనేలోపు బయట మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో మెల్లగా, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కుతున్నారు. శాంభవి తాతగారి వంక చూసి, గడియారం వంక చూసి, "నాలుగింటికి రమ్మన్నాను. అప్పుడే వచ్చేసింది," అంది చిన్న గొంతుతో.

గుమ్మంలో ఒకామె చెప్పులు విడిచి, తడిసిన చీర చెంగు పిండుకుంటోంది. యాభై పైబడిన మనిషి. రొయ్యల షెడ్డులో పనిచేసి చేతివేళ్ళు తెల్లగా పాసిపోయి ఉన్నాయి. తలెత్తింది.

వెడల్పు నుదురు. నిండు చెంపలు. కాస్త ముందుకు వచ్చిన గడ్డం. క్రిస్టినాకు తెలియకుండానే కాళ్ళు ఆమెను కుర్చీలోంచి లేపాయి. జ్వరాలప్పుడు, పరీక్షలప్పుడు, పెళ్ళప్పుడు తను మాట్లాడుకున్న ముఖం వయసు మీదపడి, వానలో తడిసి, ఎదురుగా నిలబడి ఉంది. అమ్మా అన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది. కళ్ళు చూశాక ఆగింది. అవి వేరే ఎవరి కళ్ళో.

"నా పేరు రావమ్మండి. నాగాయలంక నుంచి వచ్చాను," అంది ఆమె. ముగ్గురిలో ఎవరిని అడగాలో తెలియక ఒక్కొక్కరి వంకా చూసింది. శాంభవి ఫోను చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పోటో తర్వాత చూస్తానమ్మా. చూస్తే ఇంక మాట్లాడలేను. ముందు ఒక్కటి చెప్పండి. మా అమ్మని దహనం చేశారా, పూడ్చారా? పూడిస్తే ఎక్కడ? మా తాత చచ్చేదాకా అదే అడిగాడండి. ఆ చోటు తెలిసినవాళ్ళు ఇవాళ ఇక్కడికి వస్తారని చెప్పారు."

జానకిరామయ్య గారు క్రిస్టినా వంక చూశారు. రావమ్మ కూడా ఆయన చూసిన వైపే చూసింది.

ఆ చోటు క్రిస్టినాకు తెలుసు. దాని సిమెంటు సిలువ మీద శౌరమ్మ అన్న పేరు వెలిసిపోతోందని, పోయిన నవంబరులో తనే దగ్గర నిలబడి నల్లరంగుతో మళ్ళీ రాయించింది.